బుడ్డల మిల్లులో కాపురమా, అపార్టుమెంటా, కొత్త ఇల్లా: సీమ ఎండలో ఎవరికి ఏది?

"లాఫ్ట్ కట్టియ్యాల" అని అనంతపురంలో మేస్త్రీతో అంటే, ఆయన నేరుగా వంటింట్లోకి పోయి సామాన్లు పెట్టుకునే సజ్జ ఎంత వెడల్పు కావాలని అడుగుతాడు. మనకు లాఫ్ట్ అంటే అటకే. పాత ఫ్యాక్టరీనో గోడౌన్‌నో ఇల్లుగా మార్చుకుని, నడుమ గోడల్లేకుండా, ఎత్తైన కప్పు కింద, ఇనుప దూలాలు కనబడేటట్లు ఉండే ఇంటిని కూడా అదే మాటతో పిలుస్తారని ఇప్పుడు ఫోన్లలో ఫొటోలు చూసి పిల్లలు చెబుతున్నారు. అట్లాంటి ఫొటోలు చూసే మా తమ్ముడు పోయిన నెల ఫోన్ చేశాడు. "అక్కా, ఆదోనిలో జిన్నింగ్ మిల్లు షెడ్డొకటి అమ్మకానికి ఉండాది. కర్నూల్లో ఫ్లాటు కొనే డబ్బుకే వస్తాది. తీసుకుందామా?"

నన్నే అడగడానికి కారణం ఉంది. అయిదేళ్లుగా మేం ఉంటున్నది అట్లాంటి ఇంట్లోనే. గుత్తి రోడ్డు వైపు మా మామయ్య నడిపిన బుడ్డల మిల్లు అది. రైతులు తెచ్చిన శనక్కాయ కొట్టి, పప్పు వేరుచేసి, మూటలు కట్టి పంపిన షెడ్డు. వానలు తప్పి, పంట తగ్గి, మిల్లు మూతపడ్డాక చాలా ఏళ్లు తాళంలోనే ఉండింది. మా ఆయన చెక్క సామాన్ల పని చేస్తారు, స్థలం కావాలి. నేను ఇంటి నుంచే ఉద్యోగం. అత్తమ్మ మాతోనే. పాప ఇప్పుడు ఎనిమిదో తరగతి. అంతకుముందు ఏడేళ్లు సాయినగర్‌లో అపార్టుమెంటులో ఉన్నాం. రెండూ చూశాను కాబట్టి తమ్ముడికి చెప్పిందే ఇక్కడ వివరంగా రాస్తున్నా. వాడిలాగా ఆలోచించేవాళ్లు కర్నూలు, కడప వైపు కూడా ఉన్నారు.

ఎదురుగా ఉన్న దారులు మూడు. పాత మిల్లు షెడ్డు కొని మార్చుకోవడం ఒకటి. కట్టిన ఫ్లాటు కొనుక్కోవడం రెండోది. సొంత స్థలంలో ఎత్తైన హాలు పెట్టి కొత్తగా కట్టుకోవడం మూడోది.

ముందు తలెత్తి కప్పు చూడండి

ఈ తరహా ఇళ్లకు పేరు తెచ్చింది న్యూయార్క్ నగరంలోని సోహో. బట్టల తయారీ, గిడ్డంగి వ్యాపారాలు తరలిపోయి అక్కడి అంతస్తులు ఖాళీ పడ్డాయి. 1960ల్లో చిత్రకారులు, శిల్పులు వాటిలో చేరారు. అద్దె తక్కువ, కిటికీలు పెద్దవి, నిలువెత్తు కాన్వాసు నిలబెట్టుకునేంత ఎత్తు. నిజానికి నిబంధనల ప్రకారం అక్కడ కాపురం ఉండకూడదు. 1971లో నగరపాలక సంస్థ గుర్తింపు పొందిన కళాకారుల వరకు అనుమతిచ్చింది. 1982లో లాఫ్ట్ చట్టం వచ్చాక అట్లాంటి భవనాల్లో అద్దెకున్నవాళ్లకు రక్షణ దొరికింది.

ఇందులో మనం పట్టించుకోని సంగతి ఒకటుంది. ఆ భవనాలు ఇటుకతో, పోత ఇనుముతో కట్టిన అయిదారు అంతస్తులవి. మూడో అంతస్తులో ఉన్నవాళ్ల నెత్తిన ఇంకో ఇల్లుంటుంది, సూర్యుడుండడు. వాళ్ల బాధ చలికాలంలో అంత పెద్ద హాలును వెచ్చగా ఉంచుకోవడం. మన మిల్లులు ఒంటి అంతస్తు షెడ్లు. గోడ నుంచి గోడ దాకా ప్రతి అడుగూ ఎండ కిందే. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం మామూలైన మన జిల్లాల్లో ఆ ఫొటోలను నమ్మి షెడ్డు కొంటే మొదటి వేసవికే తాళం వేసి వెళ్లిపోతారు. అందుకే నా సలహా అంతా కప్పు చుట్టూనే తిరుగుతుంది.

కప్పు గురించి ఆలోచించేటప్పుడు నేను అడిగే ప్రశ్న ఒకటే: మీరు ఇంట్లో ఉండేది ఏ పూట?

రేకు పలచన. పొద్దున తొమ్మిదికల్లా వేడెక్కి, మధ్యాహ్నం నిప్పుల కుంపటై, పొద్దు గూకిన కాసేపటికే చల్లారిపోతుంది. స్లాబు అందుకు తలకిందులు. మధ్యాహ్నం దాకా ఓర్చుకుంటుంది కానీ, పగలంతా తాగిన వేడిని సాయంత్రం నుంచి నడిరాత్రి దాకా కిందికి వదులుతూనే ఉంటుంది. అపార్టుమెంటులో పై అంతస్తులో ఉన్నవాళ్లకు రాత్రి పదకొండింటికి ఫ్యాను వేస్తే వేడిగాలి ఎందుకొస్తుందో ఇప్పుడు అర్థమై ఉంటుంది. అంటే, ఇద్దరూ పొద్దున పోయి సాయంత్రం వచ్చే ఉద్యోగస్తులైతే రేకుల షెడ్డు జనం భయపెట్టినంత ఘోరం కాదు. పగలు ఇంట్లోనే ఉండే ముసలివాళ్లు, చంటిపిల్లలు, నాలాగా ఇంటి నుంచే పనిచేసేవాళ్లు ఉంటే మాత్రం ఉన్నది ఉన్నట్టుగా రేకుల కింద ఒక్క రోజు కూడా ఉండకూడదు.

రెండు పూటలా చల్లగా ఉండే కప్పు మనవాళ్లకు ఎప్పుడో తెలుసు. మా అవ్వ ఇల్లు మట్టి మిద్దె. మందపాటి రాతి గోడలు, దూలాలు, దంతెలు, పైన మందంగా చౌడు మట్టి. వెలుతురుకు నడినెత్తిన గవాచి. చౌడు నీటిని లోపలికి దిగనియ్యదు, మట్టి మందం ఎండను దిగనియ్యదు. వానాకాలానికి ముందు మళ్లీ చౌడు ఎత్తి పోసుకునే ఓపిక ఎవరికీ లేక ఆ మిద్దెలు పోయాయి. పాత మిల్లుల్లో కూడా ఒక్కోసారి యజమాని కూర్చున్న ఆఫీసు గదులకు టేకు దూలాల మీద ఇటుక, సున్నంతో వేసిన మద్రాసు టెర్రస్ ఉంటుంది. అట్లాంటిది కనిపిస్తే ఆ బేరం విలువ పెరిగినట్టే. పడకలు అక్కడ వేసుకుని, షెడ్డును పనికి, పగటి జీవితానికి ఉంచుకోవచ్చు. మంగళూరు పెంకు ఉన్నా మేలే. పెంకుల సందుల్లోంచి వేడి పోతుంది, పగిలినవి మార్చుకోవచ్చు. వట్టి రేకులే అయితే కప్పు మార్చే ఖర్చు కొనుగోలు ధరలో కలుపుకుని లెక్కవేయండి.

మేం ఏం చేశామంటే, పాత ఇనుప రేకులు తుప్పు పట్టినవి తీసేసి కొత్తవి వేయించి, వాటి కింద జానెడు ఖాళీ వదిలి ఇన్సులేషన్ పలకలు బిగించాం. పైన తెల్ల పూత, ఏటా మార్చిలో మళ్లీ పూస్తాం. నడికొప్పున గాలికి తిరిగే టర్బో వెంటిలేటర్లు పెట్టాం. మొత్తం మార్పులకైన ఖర్చులో సగం ఈ కప్పే తినేసింది. వంటింటి అలమారలు, లైట్లు, ఇనుప మెట్లు ఇవన్నీ ఆ తర్వాత ఏళ్ల మీద చేసుకున్నవే. మొదట అలంకరణకు పెట్టి కప్పును వాయిదా వేసిన ఇంకో కుటుంబం రెండో వేసవికి అద్దె ఇంటికి పోయింది.

ఏసీ సంగతి. మా హాలు 30 అడుగుల వెడల్పు, 50 అడుగుల పొడవు, ఎత్తు గోడ దగ్గర 14, నడుమ 20 అడుగులు. సగటు 17 అనుకుంటే 25,500 ఘనపుటడుగుల గాలి. 12 అడుగులకు 15 అడుగుల పడకగది, ఎత్తు 10 అడుగులైతే 1,800 ఘనపుటడుగులే. అంటే ఈ హాలును ఏసీతో చల్లబరచాలంటే అట్లాంటి 14 గదులను ఒకేసారి చల్లబరచినట్టు. ఆ ఆశ వదులుకోవాల్సిందే. కానీ మన ఎండ పొడి ఎండ. గాలిలో తేమ తక్కువ కాబట్టి నీళ్ల కూలరు ఇక్కడ పనిచేసినట్టు నెల్లూరులోనో మచిలీపట్నంలోనో పనిచేయదు. పైగా కూలరుకు కావాల్సింది ఒక వైపు నుంచి గాలి వచ్చి ఇంకో వైపు పోయే దారి, అది షెడ్డుకు పుట్టుకతోనే ఉంటుంది. మా ఇంట్లో రెండు పెద్ద కూలర్లు, ఒక గదిలో మాత్రం ఏసీ. ఫ్లాటులో ఉన్నప్పుడు తలుపులు బిగించుకుని ఏసీతోనే బతికినవాళ్లం.

ఫొటోల్లో అన్నిటికన్నా అందంగా కనిపించేది మెట్లెక్కి పోయే పై అరుగు, దాని మీద పరుపు. దయచేసి అది మాత్రం చేయొద్దు. వేడిగాలి పైకే చేరుతుంది, కప్పుకు దగ్గరగా పడుకోవడమంటే పొయ్యి మీద పడుకోవడం. మేం పైన పాప పుస్తకాలు, చలికాలపు రగ్గులు, మా ఆయన ఎండబెట్టే చెక్క పెట్టుకున్నాం. పడక కిందే.

ఇంకో జాగ్రత్త ప్రాణానికి సంబంధించింది. పాత గోడౌన్ల మీద ఎక్కువగా ఉండేది సిమెంటు రేకు, అందులో రాతినార (ఆస్బెస్టాస్) కలిసి ఉంటుంది. ఒకప్పుడు పులివెందుల ప్రాంతంలో ఆ గనులుండేవి. రాతినార పోగులు ఊపిరితిత్తుల్లో చేరితే కేన్సరు వస్తుంది, అన్ని రకాల రాతినారా ప్రమాదకరమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ రేకు కదలకుండా పగలకుండా ఉన్నంతకాలం పోగులు పెద్దగా లేవవు. దానికి డ్రిల్లు వేసినా, కట్టరుతో కోసినా, విరగ్గొట్టి దులిపినా దుమ్ము లేస్తుంది. లైట్లు వేలాడదీయడానికి కుర్రాళ్లు మొదట చేసే పని అదే. తీయించాలంటే నీళ్లతో తడిపి, హుక్కులు విప్పి, పలక పగలకుండా దించి, తగిన మాస్కులతో చేసే మనుషుల చేత చేయించండి. పిల్లలను ఆ దరిదాపులకు రానివ్వకండి.

మిల్లు పోయినా మిగిలేవి

బుడ్డల మిల్లు అనగానే నేల గురించి చెప్పాలి. ముప్పై ఏళ్లు నూనె పప్పు దొర్లిన నేల అది. గచ్చు పైకి పొడిగానే ఉంటుంది. బండలు పరిచిన ఆరు నెలలకు ఒక్కొక్కటే లేచొస్తాయి, నూనె తాగిన గచ్చును సిమెంటు పట్టుకోదు కాబట్టి. మాకు తెలియక మొదటిసారి ఆ నష్టం జరిగింది. తర్వాత పై పొర చెక్కించి, కాస్టిక్ సోడాతో కడిగించి, కొత్త కాంక్రీటు పోసి, అప్పుడు బేతంచెర్ల బండలు పరిపించాం. వాన ముందటి ఉక్కకు ఇప్పటికీ ఒక మూల పాత నూనె వాసన వస్తుంది. అత్తమ్మకు ఆ వాసన ఇష్టం, మామయ్య చొక్కా వాసన అంటుంది.

ఎరువుల గోడౌన్ అయితే గచ్చు, గోడ అడుగుభాగం ఉప్పు పట్టి పెచ్చులూడతాయి. పురుగుమందులు, రంగులు, రసాయనాలు నిల్వ చేసిన చోటైతే ఎంత చవకైనా వద్దు. నేలలో, బోరులో ఏం దిగిందో కంటికి కనపడదు. ఆ లెక్కన జిన్నింగ్ మిల్లు కొంత శుభ్రం, దూది దుమ్మే కదా. అయితే ఆ దూది దూలాల సందుల్లో, పాత కరెంటు పెట్టెల్లో పేరుకుని ఉంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. వైరింగు మొత్తం పీకి కొత్తది వేయనిదే గృహప్రవేశం పెట్టుకోవద్దని తమ్ముడికి గట్టిగా చెప్పాను. యంత్రాలు కూర్చోబెట్టిన కాంక్రీటు దిమ్మెలు, బోల్టులు, గుంతలు ఉంటాయి. పగలగొట్టే ఖర్చు తక్కువేం కాదు. మా ఇంట్లో ఒక దిమ్మెను అట్లే ఉంచి దాని మీద భోజనాల బల్ల పెట్టుకున్నాం.

నీళ్లు. ఊరి అంచున ఉన్న షెడ్డుకు మున్సిపాలిటీ కుళాయి ఉండకపోవచ్చు, బోరే గతి. అనంతపురం జిల్లా భూగర్భజలాల్లో ఫ్లోరైడు బెడద ఎంతటిదో తెలియనివాళ్లు లేరు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదు. కొనకముందే పరీక్ష చేయించండి. వరద కూడా చూసుకోవాలి. వాన తక్కువ ప్రాంతమని ధీమాగా ఉంటాం కానీ 2009 అక్టోబరులో కర్నూలు ఊరెట్లా మునిగిందో చూశాం, 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురంలోనే కాలనీలు మునిగాయి. పాత మిల్లులు తరచూ పల్లంలో, వంకల పక్కన ఉంటాయి. నీళ్లెక్కడిదాకా వచ్చాయో పక్క టీకొట్టాయన్ను అడిగితే గోడ మీద చేయి పెట్టి చూపిస్తాడు.

పావురాలు, ఎలుకలు, తేళ్ల గురించి రెండు మాటలు చాలు: ప్రతి సందుకూ జాలీ, చేరిన రోజునే.

గోడలు లేని కాపురం

భార్యాభర్తలిద్దరే ఉండే ఇంటికీ మనలాంటి ఇంటికీ ఇక్కడే తేడా వస్తుంది. ఎండుమిరపకాయ తిరవాత వేస్తే యాభై అడుగుల అవతల చదువుకుంటున్న పాపకు దగ్గు. మిక్సీ వేస్తే నా ఆఫీసు కాల్ ఆగాలి. ఎత్తైన కప్పు, బోడి గోడలు కాబట్టి మాట మాటకూ మార్మోగుతుంది. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే వినికిడి తగ్గిన అత్తమ్మకు ఏదీ అర్థమయ్యేది కాదు. మొదటి ఏడాది ఆమె మాటలు తగ్గిపోయాయి. అలిగిందనుకున్నాం. కారణం హాలని తెలిశాక మందపాటి పరదాలు, జంపఖానాలు, గోడకు పుస్తకాల బీరువాలు చేర్చాం. ఆమె కోసం ఒక గది విడిగా కట్టించాం, స్నానాలగది దానికి ఆనుకునే. చుట్టాలొస్తే చీర మార్చుకునే చోటు లేని ఇల్లు ఎంత అందంగా ఉన్నా ఆడవాళ్లకు సుఖం కాదు. కనీసం రెండు మూసిన గదులు, ఒక మూసిన వంటిల్లు లేకుండా ఈ పనికి దిగొద్దు.

రోలింగు షట్టరే వాకిలిగా ఉన్న ఇంటికి గడప ఉండదు. పసుపు రాయడానికి, పండగకు మామిడాకులు కట్టడానికి చోటు లేదని అత్తమ్మ బాధపడింది. పక్క జిల్లా పేరే గడప నుంచి వచ్చిందని చెప్పుకునే సీమలో ఉంటున్నాం. షట్టరు పక్కన గోడ తెరిచి టేకు గడప, ద్వారబంధం పెట్టించాం. ఆ ఒక్క పనితో షెడ్డు ఇల్లయింది.

చుట్టుపక్కల సంగతి కూడా ఉంది. పగలు లారీలు, రాత్రి చిమ్మచీకటి. బడి ఆటో అంత దూరం రాదు. అర్ధరాత్రి అత్తమ్మకు ఆయాసం వస్తే సాయినగర్‌లో ఎదురింటి తలుపు కొట్టేదాన్ని, ఇక్కడ కొట్టడానికి తలుపు లేదు. దానికి బదులుగా దొరికింది ఏమిటంటే, రాత్రి తొమ్మిదికి కూడా మా ఆయన రంపం ఆడించుకుంటారు, ఎవరూ పైనుంచి అరవరు. దుకాణానికి వేరే అద్దె లేదు. పాప సైకిలు ఇంట్లోనే నేర్చుకుంది. సంక్రాంతికి అరవై మంది బంధువులు ఒకే పంక్తిలో కూర్చుని తిన్నారు. పొద్దున ఆరున్నరకు పై కిటికీల్లోంచి ఏటవాలుగా దిగే వెలుతురు కోసమే నేను ఇంకా ఈ ఇంట్లో ఉన్నాననిపిస్తుంది.

కాగితాలు

షెడ్డు బేరంలో ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడ. పారిశ్రామిక ఎస్టేటులో ఏపీఐఐసీ (పరిశ్రమలకు స్థలాలిచ్చే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ) ఇచ్చిన ప్లాటైతే అది పరిశ్రమ కోసం కేటాయించింది, కాపురానికి కాదు, అక్కడితో ఆలోచన మానేయండి. ప్రైవేటు స్థలమైతే మాస్టర్ ప్లానులో ఆ సర్వే నంబరు నివాస జోన్‌లో ఉందా, పారిశ్రామిక జోన్‌లో ఉందా అన్నది మున్సిపాలిటీ టౌన్ ప్లానింగ్‌లో గానీ పట్టణాభివృద్ధి సంస్థలో గానీ (మా వైపు అహుడా) రాతపూర్వకంగా తెలుసుకోవాలి. పారిశ్రామిక జోన్ అయితే భూ వినియోగ మార్పిడి కావాలి, దానికి నెలలు పడుతుంది. ఇంటి రుణం ఇచ్చే బ్యాంకు మొదట అడిగేది నివాస ప్లాను అనుమతే. అది లేకుంటే ఆస్తి తనఖా రుణం తీసుకోవాలి, వడ్డీ ఎక్కువ.

కరెంటు సర్వీసు పరిశ్రమల కేటగిరీలో ఉంటే గృహ కేటగిరీకి మార్చమని విద్యుత్ పంపిణీ సంస్థ ఎస్‌పీడీసీఎల్‌లో దరఖాస్తు పెట్టుకోవాలి. అంతకన్నా ముందు పాత బకాయి లేదని కాగితం అడగండి. మూతపడిన మిల్లుకు బకాయిలుండటం సహజం. పాత యజమాని బాకీని కొత్త యజమాని కట్టాలని విద్యుత్ సంస్థలు నిబంధన పెట్టుకోవచ్చని 2023 మే నెలలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ధ్రువపత్రం)తో పాటు, మిల్లు పేరు మీద బ్యాంకు తనఖా, అన్నదమ్ముల వాటాలు కూడా వకీలు చేత చూపించండి. దూలాల తుప్పు, గోడల బలం స్ట్రక్చరల్ ఇంజినీరే చూడాలి, మేస్త్రీ మాట చాలదు.

మరి ఫ్లాటు, కొత్త ఇల్లు?

ఫ్లాటు గురించి కొత్తగా చెప్పేదేం లేదు. రుణం సులువు, లిఫ్టు, వాచ్‌మన్, జనరేటరు, పక్కనే మనుషులు. ఇద్దరూ ఉద్యోగాలకు పోయి, ఇంట్లో పెద్దవాళ్లున్న కుటుంబానికి దానికి మించింది లేదు. పై అంతస్తు, పడమర గోడ వద్దు, అంతే. వచ్చే చిక్కు చోటుదే. అక్కడ ఏడేళ్లలో మా ఆయన ఒక్క కుర్చీ కూడా ఇంట్లో చేయలేకపోయారు.

స్థలం ఉన్నవాళ్లకు మాత్రం మూడో దారే మంచిదని నా గట్టి నమ్మకం. ఇష్టపడేది ఎత్తు, వెలుతురు, పూత లేని ఇటుక, కనబడే ఇనుము అయితే వాటికి మిల్లే కొనక్కర్లేదు. ఒక హాలును 16 అడుగుల ఎత్తున కట్టి, పైన వెంటిలేటర్లు పెట్టి, మిగతా గదులు మామూలు ఎత్తుకే ఉంచితే సరి. కింద కడప బండ, నునుపు చేయించినది. పడమర గోడ మందంగా, దక్షిణం కిటికీలకు లోతైన సజ్జలు. హాలు మీద స్లాబు వేస్తే, దానిపై సున్నం వేయించి తెల్లగా ఉంచుకోవాలి. నివాస అనుమతి మొదటి రోజే చేతిలో ఉంటుంది, నేలలో ఎవరి నూనే ఉండదు. లేనిదల్లా పాత గోడలకుండే ఆ వయసు. దాని కోసం అంత శ్రమ పడగలరో లేదో మీరే తేల్చుకోవాలి.

మిల్లు షెడ్డు ఎవరికి తగుతుందంటే, ఇంట్లోనే చోటు కావాల్సిన పని చేసుకునేవాళ్లకు. మగ్గం, వడ్రంగం, అచ్చుపని, బొమ్మలు వేయడం, పెద్ద టైలరింగు యూనిట్. దుకాణం అద్దె మిగలడం వల్లే మా లెక్క నిలబడింది. ఆ పని లేకుండా వట్టి కాపురానికైతే మేం కూడా ఇక్కడికి వచ్చేవాళ్లం కాదు.

తమ్ముడు బ్యాంకు ఉద్యోగి, మరదలు టీచరు, పిల్లలు చిన్నవాళ్లు, అమ్మ వాళ్ల దగ్గరే ఉంటుంది. పగలు ఆ కప్పు కింద ఉండేది అమ్మే. అందుకే కర్నూల్లో ఫ్లాటు తీసుకోమన్నాను, కింది అంతస్తుల్లో. వాడు గొణిగాడు. సరే, అంత మనసైతే షెడ్డు అమ్ముతున్న ఆయన్ను అడిగి మే నెలలో ఒక రోజు తాళం తీయించుకో, అమ్మను తీసుకోకుండా నువ్వొక్కడివే మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా లోపల కుర్చీ వేసుకుని కూర్చో, బయటికొచ్చాక నాకు ఫోన్ చెయ్యి అన్నాను.